సాఫ్ట్‌వేర్ ఆగిపోతే నేర్చుకున్న విద్య ఏమవుతుంది? యానిమేషన్ చదవాలనుకునే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు



పదో తరగతి అయ్యాక యానిమేషన్ కోర్సులో చేరతామనే పిల్లలు మన బడిలో ఏటా కొందరు ఉంటున్నారు. హోసూరుకు బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడి శిక్షణ సంస్థల కరపత్రాలు మన ఇళ్లదాకా వస్తున్నాయి. ఆ కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో ఉండేవి సాఫ్ట్‌వేర్ పేర్లు. మీరు వచ్చి అడిగేది కూడా అదే: "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్పే చోట చేర్పించమంటారు?"

ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే అది జీవితాంతం అన్నం పెడుతుందని. కానీ దాన్ని తయారుచేసే కంపెనీయే ఒకరోజు "ఇక దీన్ని ఆపేస్తున్నాం" అంటే? పదేళ్లు, పదిహేనేళ్లు దాని మీదే పనిచేసిన చేయి తిరిగిన కళాకారుల సంగతేమిటి? వాళ్లు మళ్లీ ఎలా నేర్చుకుంటారు? వాళ్లకు దేన్ని కొత్తగా నేర్పాలి, దేన్ని నేర్పక్కర్లేదు? ఇదంతా ఇప్పటికే జరిగింది. జరిగిన దాన్ని తెలుసుకుంటే ఫీజు కట్టేముందు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

సాఫ్టిమేజ్ సంగతి

కెనడాలోని మాంట్రియల్‌లో డేనియల్ లాంగ్లవా అనే ఆయన 1986లో సాఫ్టిమేజ్ అనే కంపెనీ పెట్టారు. త్రీడీ బొమ్మలను కంప్యూటర్లో కదిలించే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో కంప్యూటర్ డైనోసార్లను కదిలించడానికి వాడింది దీన్నే. ఆ పేరుతో దాని గిరాకీ పెరిగింది. 1994లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 1998లో ఏవిడ్ అనే కంపెనీకి అమ్మింది, 2008లో ఆటోడెస్క్ కొన్నది. ఇంతమంది చేతులు మారినా వాడేవాళ్లు వదల్లేదు. జపాన్‌లో వీడియో గేమ్‌లు చేసే కంపెనీలకు ఇది బాగా అలవాటు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆటోడెస్క్ చేతిలో అప్పటికే ఇదే పనిచేసే సాఫ్ట్‌వేర్లు ఇంకా రెండున్నాయి. ఒకటి త్రీడీఎస్ మ్యాక్స్, రెండోది మాయా. ఒకే ఇంట్లో ఒకే వంటకు మూడు పొయ్యిలు. 2014 మార్చిలో కంపెనీ ప్రకటించింది: ఆ ఏప్రిల్‌లో వచ్చే "సాఫ్టిమేజ్ 2015" చివరి వెర్షన్, 2016 ఏప్రిల్ 30 తర్వాత సహాయం కూడా ఉండదు. చందా కడుతున్నవాళ్లు అదనపు డబ్బు లేకుండా మాయాకో, మ్యాక్స్‌కో మారవచ్చని చెప్పింది.

డబ్బు లేకుండా కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చాక ఇంకేం ఇబ్బంది అనిపిస్తుంది. ఇబ్బందంతా అక్కడినుంచే మొదలు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, దాని మీద చేతికి ఉండే వేగం ఉచితంగా రాదు.

ఇక్కడ ఒక మాట. ఆపేశారంటే ఆరోజే తెర చీకటైపోతుందని కాదు. శాశ్వత లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్లో ఇంకా తెరుచుకుంటుంది, పని చేస్తుంది. కానీ కొత్త విండోస్‌కు, కొత్త గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు దాన్ని ఎవరూ సరిచేయరు. తప్పు కనబడితే దిద్దేవాళ్లు ఉండరు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు అది రాదు. అలా మెల్లమెల్లగా చుట్టూ ఎండిపోతుంది. నెలనెలా చందా కట్టి వాడేవాటి సంగతి ఇంకా వేరు, వాటిని కంపెనీ నిజంగానే ఒక తేదీన మూసేయగలదు.

చేతి అలవాటే అసలు శత్రువు

బి.ఎడ్. చదివిన ప్రతివారూ "అభ్యసన బదలాయింపు" అనే పాఠం చదివే ఉంటారు. ముందు నేర్చుకున్నది తర్వాత నేర్చుకునేదానికి సాయపడితే అనుకూల బదలాయింపు, అడ్డు పడితే ప్రతికూల బదలాయింపు. సాఫ్టిమేజ్ నుంచి మాయాకు మారినవాళ్లలో ఈ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పాఠ్యపుస్తకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సాఫ్టిమేజ్‌లో "ఎస్" కీ నొక్కి పట్టుకుని మౌస్ కదిపితే బొమ్మను చుట్టూ తిప్పి చూడవచ్చు, దగ్గరకు తెచ్చుకోవచ్చు. యానిమేషన్ చేసేవారు రోజుకు వందలసార్లు ఆ కీ నొక్కుతారు, ఆలోచించి నొక్కరు. మాయాలో అదే "ఎస్" కీ నొక్కితే ఎంచుకున్న బొమ్మ ఆ క్షణంలో ఉన్న భంగిమ టైమ్‌లైన్ మీద నమోదైపోతుంది. దాన్ని కీఫ్రేమ్ వేయడం అంటారు. అంటే పాత అలవాటుతో "ఒకసారి తిప్పి చూద్దాం" అనుకున్న ప్రతిసారీ అక్కర్లేని చోట ఒక కీఫ్రేమ్ పడుతుంది. గంట తర్వాత చూస్తే బొమ్మ నడకలో ఎక్కడో కుదుపు, ఎందుకో తెలియదు. మాయాలో తిప్పి చూడాలంటే ఆల్ట్ కీతో మౌస్ కదపాలి.

ఇంకొకటి. సాఫ్టిమేజ్‌లో "వి" నొక్కితే జరపడం, "సి" నొక్కితే తిప్పడం, "ఎక్స్" నొక్కితే పెద్దదీ చిన్నదీ చేయడం. మాయాలో ఆ మూడు పనులకూ "డబ్ల్యూ", "ఇ", "ఆర్". అంతవరకైతే సరే, కొత్త కీలు నేర్చుకుంటే చాలు. కానీ మాయాలో "ఎక్స్", "సి", "వి" ఖాళీగా లేవు. నొక్కి పట్టుకుంటే బొమ్మను గీతల గడికో, వంపుకో, బిందువుకో అతికించే పని చేస్తాయి. ఏమీ తెలియని కొత్త పిల్లవాడికి ఈ గొడవ లేదు. పదేళ్ల అనుభవం ఉన్నవాడికే ఉంది.

మాటల దగ్గర కూడా ఇదే తంతు. సాఫ్టిమేజ్‌లో "ఫ్రీజ్" అంటే బొమ్మ మీద అప్పటిదాకా చేసిన మార్పుల చరిత్రను కలిపేసి ఖాయం చేయడం. మాయాలోనూ "ఫ్రీజ్ ట్రాన్స్‌ఫర్మేషన్స్" అనే ఆజ్ఞ ఉంది. అదేననుకుని నొక్కితే జరిగేది వేరు: బొమ్మ ఉన్న స్థానాన్నే సున్నాగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. పాత "ఫ్రీజ్"కు దగ్గరి ఆజ్ఞ మాయాలో "డిలీట్ హిస్టరీ". మన సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. తెలుగులో "అవసరం" అంటే కావలసి ఉండటం. తమిళంలో "అవసరం" అంటే తొందర, కన్నడంలో "అవసర" అన్నా తొందరే. వేరే మాట అయితే అడిగి తెలుసుకుంటాం. ఒకేలా వినిపించే మాటకు వేరే అర్థం ఉన్నప్పుడే అడగకుండా పప్పులో కాలేస్తాం.

పేర్లు పూర్తిగా మారిపోయినవి చాలా తేలిక. సాఫ్టిమేజ్‌లో "ఎక్స్‌ప్లోరర్" అనే పట్టిక మాయాలో "అవుట్‌లైనర్". "నల్" అనేది "లొకేటర్". ఎముకలకు చర్మం అంటించే "ఎన్వలప్" అక్కడ "బైండ్ స్కిన్". కదలిక వంపులు దిద్దే "యానిమేషన్ ఎడిటర్" అక్కడ "గ్రాఫ్ ఎడిటర్". ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. మన తెలుగు మీడియం పిల్లలు ప్లస్ వన్‌లో వేరే మీడియానికి వెళ్లినప్పుడు "కిరణజన్య సంయోగక్రియ" కాస్తా "ఒళిచ్చేర్క్కై" అవుతుంది, లేదా "ఫోటోసింథసిస్" అవుతుంది. ఆకు అదే, వెలుతురు అదే, లోపల జరిగే పని అదే. ఆ పాఠం అర్థం చేసుకుని చదివినవాడు రెండు నెలల్లో సర్దుకుంటాడు. బట్టీ పట్టినవాడికి మాట మారగానే పాఠమే పోతుంది.

మారనిది ఏమిటి

బంతి నేలను తాకినప్పుడు కొంచెం అణగాలి, పైకి లేచేటప్పుడు సాగాలి. మనిషి ఎగరబోయే ముందు మోకాళ్లు వంచాలి. నడకలో బరువు ఒక కాలి మీదినుంచి రెండో కాలి మీదికి మారేటప్పుడు నడుము ఎటు వాలుతుందో తెలియాలి. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ ఇలాంటి సూత్రాలను పన్నెండుగా కూర్చి 1981లో పుస్తకం వేశారు. అవి కాగితం మీద పెన్సిల్‌తో గీసే రోజుల సూత్రాలు. 1987లో జాన్ లాసెటర్ ఒక పరిశోధన వ్యాసంలో అవే సూత్రాలు కంప్యూటర్ త్రీడీ బొమ్మలకు ఎలా పనికొస్తాయో చూపించారు. పెన్సిల్ పోయి కంప్యూటర్ వచ్చినా సూత్రం పోలేదు. అలాంటప్పుడు ఒక కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ పోయి ఇంకొకటి వస్తే పోతుందా?

సినిమాకు క్షణానికి 24 ఫ్రేములు. మామూలు నడకలో ఒక అడుగుకు 12 ఫ్రేములు పడతాయని యానిమేషన్ చేసేవాళ్లు లెక్క వేసుకుంటారు. ఈ లెక్క సాఫ్టిమేజ్‌లోనూ 12, మాయాలోనూ 12, మీ నోటుబుక్కు మూలలో బొమ్మలు గీసి వేలితో పుటలు వదిలినా 12.

కనుక ఇలాంటి కళాకారుడికి మళ్లీ శిక్షణ ఇచ్చేటప్పుడు సూత్రాలు నేర్పడం మొదలుపెడితే అవమానంగా ఉంటుంది, సమయమూ వృథా. అతనికి కావలసింది పేర్ల జాబితా, చేతి అలవాటు మార్పు, నిజంగానే కొత్తగా ఉన్న ఒకటి రెండు సంగతులు. కొత్తవాడికి రాసిన పుస్తకం అనుభవజ్ఞుడికి ఇస్తే అతను నాలుగో పేజీలో మూసేస్తాడు. బడిలో కూడా, ముందే లెక్క వచ్చిన పిల్లవాడిని మళ్లీ కూడికల దగ్గర కూర్చోబెడితే అల్లరి చేస్తాడు. అది వాడి తప్పు కాదు.

మళ్లీ నేర్పడం ఎలా జరగాలి

మంచి పద్ధతి నా దృష్టిలో ఇది. కొత్త సాఫ్ట్‌వేర్లో కొత్త పని మొదలుపెట్టకూడదు. పాత సాఫ్ట్‌వేర్లో ఇంతకుముందు చేసిన చిన్న పని, బంతి ఎగరడమో, పది సెకన్ల నడకో, దాన్నే కొత్తదాంట్లో మళ్లీ చేయాలి. ఫలితం ఎలా ఉండాలో ముందే తెలుసు కాబట్టి బుర్ర మొత్తం "ఎక్కడ నొక్కాలి" అనే దానిమీదే పెట్టవచ్చు. ఆ పని చేస్తుండగా తగిలిన ప్రతి అడ్డంకినీ ఒక నోటుబుక్కులో రెండు వరసలుగా రాసుకోవాలి: పాత పేరు, కొత్త పేరు. ఒకేలా వినిపించి అర్థం మారేవాటిని ఎర్ర సిరాతో రాసుకోవాలి. ఎవరో అచ్చువేసిన పట్టిక కంటే ఇది వందరెట్లు మేలు, ఎందుకంటే ఇది తన తడబాట్ల జాబితా.

కీలన్నీ పాత సాఫ్ట్‌వేర్లో లాగే మార్చేసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ వీలుంది. మొదటి వారం హాయిగానే ఉంటుంది. తర్వాత పక్కవారి కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు ఆడవు, వీడియో పాఠంలో "ఈ కీ నొక్కండి" అంటే అది ఇంకేదో చేస్తుంది. ఒక్కరే ఇంట్లో కూర్చుని పనిచేసేవారికి తప్ప ఈ దారి మంచిది కాదనే నా అభిప్రాయం.

సగంలో ఉన్న పనిని ఎట్టి పరిస్థితిలోనూ మధ్యలో మార్చకూడదు. దీనికి కారణం ఫైళ్లలో ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ ఫైలు ఇంకొకదానికి తీసుకెళ్లడానికి ఎఫ్‌బీఎక్స్, అలెంబిక్ లాంటి మధ్యవర్తి ఫైళ్లు ఉన్నాయి. బొమ్మ ఆకారం, ఎముకలు, కీఫ్రేములు వీటి ద్వారా చాలావరకు వెళ్తాయి. కానీ బొమ్మను ఆడించడానికి కట్టుకున్న పగ్గాల్లాంటి ఏర్పాటు ఉంటుంది, దాన్ని రిగ్ అంటారు. తోలుబొమ్మకు కర్రలు, దారాలు ఎలాగో దీనికి రిగ్ అలాగ. అది పూర్తిగా వెళ్లదు. సాఫ్టిమేజ్‌లో 2008 నుంచి "ఐస్" అనే భాగం ఉండేది. పొగ, జనసమూహం, రేణువుల లాంటి వాటిని ప్రోగ్రామ్ రాయకుండా పెట్టెలను తీగలతో కలిపి తయారుచేసుకునేవారు. దాన్ని వాడేవాళ్లు ప్రాణంగా చూసుకునేవారు. అందులో కట్టిన ఏర్పాట్లు అలాగే మాయాలోకి వెళ్లే దారి లేదు. ఫలితాన్ని మాత్రం గడ్డకట్టించి తీసుకెళ్లవచ్చు, తర్వాత దాన్ని మార్చడానికి వీలుండదు. మాయాలో ఆ తరహా పని చేసుకునే బైఫ్రాస్ట్ గ్రాఫ్ వచ్చింది 2019లో. అంటే ప్రకటన వచ్చిన ఐదేళ్లకు. ఆ ఐదేళ్లలో కొందరు హౌడినీ అనే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోయారు. ఇలాంటి చోట మాత్రం పేర్ల పట్టిక పనికిరాదు, మొదటినుంచి నేర్చుకోవలసిందే.

అందుకే ఉన్న పని పాతదాంట్లో ముగించాలి, కొత్త పని కొత్తదాంట్లో మొదలుపెట్టాలి. కొన్నాళ్లు రెండూ పక్కపక్కన నడవాలి. రెండేళ్ల గడువు ఇచ్చినా, మొదటి ఏడాది పట్టించుకోకుండా చివరి మూడు నెలల్లో పరుగెత్తేవాళ్లే ఎక్కువ. పరీక్షల ముందు మనం రోజూ చూసేదే కదా.

ఇంకో సంగతి ఎవరూ పైకి చెప్పరు. ఆఫీసులో అందరికీ సందేహాలు తీర్చే పెద్దవాడు ఒక్కసారిగా నిన్నమొన్న చేరిన కుర్రాడిని "తమ్ముడూ, ఇది ఎక్కడుంది?" అని అడగాల్సి వస్తుంది. కొన్ని వారాలు అతని పని నెమ్మదిస్తుంది. ఆ కొన్ని వారాల జీతం, గడువు ఎవరు భరించాలి? ఉద్యోగం ఇచ్చినవాళ్లే భరించాలి, అది శిక్షణలో భాగం. పని గంటలు అయ్యాక ఇంటి దగ్గర నేర్చుకో అనడం అన్యాయం. సొంతంగా పని చేసుకునేవాళ్లకు మాత్రం ఆ భారం పంచుకునేవారు లేరు. అన్ని వారాలకు సరిపడా పొదుపు వాళ్లు ముందే చూసుకోవాలి.

మన వైపు చూసినది

మీలో ప్రెస్సు, డీటీపీ పని చేసినవారికి ఇదంతా కొత్త కథేమీ కాదు. తెలుగు పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యేవి. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ ఆ తర్వాత ఇన్‌డిజైన్ వైపు వెళ్లింది. అను ఫాంట్‌లో కొట్టిన మాటలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. యూనికోడ్ వచ్చాక డీటీపీవారు కీబోర్డు అలవాటునే మార్చుకోవాల్సి వచ్చింది. అయితే పేజీలో ఖాళీ ఎక్కడ వదలాలి, ఒత్తులు పై పంక్తికి తగలకుండా పంక్తుల మధ్య ఎంత ఎడం ఉండాలి అనే కన్ను ఉన్నవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్లోనైనా నిలబడ్డారు.

బడులకు తగిలిన దెబ్బ ఫ్లాష్. కదిలే బొమ్మలతో ఉన్న పాఠాల సీడీలు చాలావరకు దానితోనే తయారయ్యాయి. అది ఆగిపోతుందని అడోబీ 2017 జూలైలోనే చెప్పింది, 2020 డిసెంబరు 31తో ఆపింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే పాత ఫైళ్లను తెరవకుండా అడ్డుకుంది. మూడేళ్లకు పైగా గడువు ఉన్నా ఎన్నో పాఠాలు మూలబడ్డాయి. వాటిలో కొన్నింటిని ఇప్పుడు రఫిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడవచ్చు. మీ ఇంట్లో పిల్లల పాత సీడీలుంటే పారేయకండి. బొమ్మలు తయారుచేసే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ మాత్రం పోలేదు. 2016లోనే దాని పేరు యానిమేట్ అని మారింది.

ఉచితమైనవి, అందరిదీ అయినవి ఆగిపోవా అంటే, బ్లెండర్ కథ చెప్పుకోవాలి. దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతపడింది. దాన్ని తయారుచేసిన టాన్ రోసెండాల్ పిలుపునిస్తే వాడుకరులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాన్ని విడిపించుకున్నారు. అప్పటినుంచి దాని మూలరచన ఎవరైనా తీసుకోవచ్చు, కాబట్టి ఒక కంపెనీ తలచుకుని ఆపలేదు. 2025లో ఆస్కార్ గెలిచిన లాట్వియా యానిమేషన్ సినిమా "ఫ్లో" చేసింది బ్లెండర్‌లోనే. అలాగని దాంట్లో మళ్లీ నేర్చుకోవడం తప్పలేదు. 2019లో వచ్చిన 2.80 వెర్షన్‌లో బొమ్మను ఎంచుకునే మౌస్ బటన్ కుడినుంచి ఎడమకు మారింది. ఏళ్లుగా కుడివైపు నొక్కినవాళ్లంతా తడబడ్డారు. సాఫ్ట్‌వేర్ చావకపోయినా మారుతుంది.

చేర్పించే ముందు

ఇక మీ ప్రశ్నకు వస్తాను. సాఫ్ట్‌వేర్ పేరు చూసి చేర్పించకండి. సంస్థకు వెళ్లి మొదటి మూడు నెలల్లో ఏం నేర్పుతారో అడగండి. బొమ్మ గీయడం, మనుషుల్నీ జంతువుల్నీ గమనించడం, బంతి, నడక, బరువు ఎత్తడం లాంటి అభ్యాసాలు ఉన్నాయా? లేక మొదటిరోజు నుంచే మెనూలు, బటన్లేనా? పాత విద్యార్థులు చేసిన పని చూపించమనండి, అందులో బొమ్మకు బరువు ఉన్నట్టు అనిపిస్తోందో లేదో మీ కన్నే చెబుతుంది. దానికి యానిమేషన్ తెలియనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో అడగండి. అది ఆగిపోతే, లేదా కోర్సు మధ్యలో మారితే, మళ్లీ నేర్పడానికి వేరే ఫీజు అడుగుతారా అని కూడా అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.

పిల్లలూ, మీరు చేరేదాకా ఆగక్కర్లేదు. పాత నోటుబుక్కు కుడి మూలలో బంతిని ఇరవై నాలుగు పుటల్లో గీసి వేలితో వదిలి చూడండి. బ్లెండర్ మామూలు ఇంటి కంప్యూటర్లో కూడా కొంతవరకు నడుస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు.

చివరిగా ఒక్కటి అడగడం మరిచిపోకండి: కోర్సు అయ్యాక పిల్లవాడు చేసిన పని ఏ రూపంలో ఇస్తారు? వీడియో ఒక్కటే ఇస్తే చాలదు. అసలు ఫైళ్లు, వాటితోపాటు ఎఫ్‌బీఎక్స్ లాంటి మధ్యవర్తి ఫైళ్లు కూడా ఇవ్వాలి. ఇవ్వం అంటే ఎందుకో అడగండి. జవాబు సరిగా లేకపోతే డబ్బు కట్టకుండా ఒకసారి బడికి వచ్చి నాతో మాట్లాడండి.